ఐసు కలదు

గేటుకు వేలాడే అట్టముక్క మీద
'ఐసు కలదు' అని ఉంటుంది.
ఆ రోజు 'కలదు' మీద బొగ్గుతో అడ్డగీత.
న్యా ఎలీహియాయే కొట్టుకుంది.
లేనిది ఉందనడం ఆమెకు చేతకాదు.

జనవరి నెల, లంబారే.
తారు రోడ్డు చెప్పును పట్టుకుని వదలడం లేదు.
ఇంత ఎండలో తెరెరెలోకి ఐసు లేకపోతే
మా పేటలో కాపురాలేం కూలవు గానీ
మాటలు పెళుసెక్కుతాయి.

"విల్ఫ్రీదో, ఇది చచ్చిపోయింది" అంది.
"చచ్చిందో లేదో చెప్పాల్సింది నేను" అన్నాను.
ఇరవై రెండేళ్లుగా ప్రతి వంటింట్లో ఇదే అంటున్నాను.
ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు.

తలుపు తీస్తే దీపం వెలిగింది.
మీటరు రెండొందల ఐదు చూపించింది.
వేసవిలో మా కరెంటుకి అదే మహాభాగ్యం.
చలి పెంచే బిళ్ళ ఆఖరి అంకె మీద ఉంది.
చల్లబడని కొద్దీ తిప్పుతూ పోయిందట,
చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నట్టు.

అయిదు వేల గ్వారానీల నోటు
తలుపు సందులో పెట్టి మూసి, లాగాను.
రాలేదు. రబ్బరు బాగుంది.
"నాకంటే పిసినారి" అంది,
నోటు వంక చూస్తూ.

పైఅరలో నలభై ఐసు సంచులు.
నొక్కితే వేలు దిగింది.
లోపలంతా నీళ్లు, నడిమధ్య
పన్ను ఊడినట్టు ఒక తెల్లని ముక్క.
కింది అరలో ఉడికించిన కర్రపెండలం
జిగటగా, పులిసి.
మోటారుకి మాత్రం క్షణం తీరిక లేదు.
చెయ్యి ఆనిస్తే చుర్రుమంది.

అంత పరిగెత్తీ ఏమీ తేలేకపోతోందంటే
దారి ఎక్కడో మూసుకుపోయినట్టే.

నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకి మొదటిరోజే చెబుతాను:
ఈ పెట్టె చలిని తయారుచెయ్యదురా,
చలిని ఎవడూ తయారుచెయ్యలేడు.
లోపలి వేడిని మోసుకొచ్చి
వీపు వెనక పారబోస్తుంది, అంతే.
పారబోసే చోటు లేకపోతే
ఎవరికైనా ఊపిరాడదు.

"కాస్త ముందుకి లాగుదాం."
"వద్దు" అంది. చాలా త్వరగా అంది.
నేల గీరుకుంటుందంది,
బల్లులుంటాయంది,
ఆదివారం చూద్దామంది.
నేను లాగేశాను.

గోడమీద మోకాలెత్తున
సున్నం నునుపుదేరి, నూనె మరకలా
ఒక గుండ్రటి వీపు ఆకారం.
వెనక నల్లటి తీగచట్రం
కనపడనంతగా బూడిదరంగు ఉన్ని.

కవురే.
మా వైపు పిడికెడంత గుడ్లగూబ పేరు అది.
చెవులు చూసి పెట్టింది కుక్కకి.
దక్షిణపు గాలి కొట్టే రాత్రుళ్లు
వచ్చి ఈ సందులో దూరేదట.
తొమ్మిది చలికాలాలు
మనం పాలలోంచి, మాంసంలోంచి తీసి పారేసిన వేడిని
కప్పుకుని పడుకుంది.
పోయిన ఆగస్టులో
ఇక్కడినుంచే ఎత్తుకెళ్లి
నారింజ చెట్టు కింద పెట్టారు.
అప్పట్నుంచీ ఈమె
ఇల్లంతా ఊడ్చింది. ఇక్కడ ఊడవలేదు.

బ్రష్షు తీశాను.
ఆమె నా చేతిలోంచి తీసుకుంది.
కూర్చోలేక కూర్చుని
పైనుంచి కిందికి, పైనుంచి కిందికి,
చిక్కు తీస్తున్నట్టు దువ్వింది.
ఏడవలేదు. ఒక్కసారి తుమ్మింది.
రొట్టె సంచి నిండింది.
దాన్ని ముడివేసి ఎక్కడ పెట్టిందో
నేను చూడలేదు. చూడనట్టున్నాను.

"సాయంత్రం దాకా తలుపు తియ్యకు.
గోడకీ దీనికీ జానెడు ఎడం ఉండాలి" అన్నాను.
కూలి అడగలేదు, ఆమె ఇస్తాననలేదు.
మార్చి దాకా నాకు ఐసు ఊరికే.

మర్నాడు అటు వెళ్తే
అట్ట తిరగేసి కొత్తగా రాసుంది: కలదు.
లోపలికి తొంగిచూశాను.
మోటారు కాసేపు ఆడి, ఆగి,
మళ్లీ ఆలోచించి ఆడుతోంది.
నేను చెప్పింది జానెడు.
ఆమె వదిలింది మూరెడు.
కింద ఒక గోనెపట్టా, మడత పెట్టి.

"గాలాడాలన్నావుగా" అంది,
నేనేమీ అడక్కముందే.